బతికున్నవాడికి పాడిన శోకం

సోమక్కకు కోపం ఎందుకు వచ్చిందని ఊళ్ళో ఎవరూ అడగరు. ఎప్పుడు తగ్గుతుందని మాత్రం ఒకరినొకరు అడుగుతుంటారు, తగ్గాకే ఆమె ఇంటి ముందు నుంచి నడవాలి కాబట్టి. బాసగూడ దాటాక తాలిపేరు వాగు ఒడ్డున ఉన్న ఆ పల్లెలో తెలుగు, దోర్లి, గోండి, హిందీ నాలుగూ నడుస్తాయి. సోమక్క నాలుగింటిలోనూ తిట్టగలదు. దోర్లిలో తిడితే మేకలు కూడా మేత ఆపి తల తిప్పుతాయని ఆమె మీద ఒక మాట ఉంది. యాభై దాటిన మనిషి. పొట్టి, బక్క. ఏళ్ళ తరబడి మిరపకాయలు కోసి వేళ్ళు మొద్దుబారాయి గాని నోరు మొద్దుబారలేదు.

ఇలాంటి మనిషిని ఊరు ఒక్క పనికి మాత్రం కోరి పిలుస్తుంది. ఎండాకాలం అందరూ కలిసి మడుగులో చేపలు పట్టినప్పుడు వాటిని పోగులు పెట్టేది సోమక్కే. ఆకులు పరిచి, పెద్దచేప చిన్నచేప సరిచూసుకుంటూ ఇంటికొక పోగు పెడుతుంది. అప్పుడు ఒకడు పోగులకు వీపు పెట్టి కూర్చుంటాడు. సోమక్క ఒక పోగు మీద పుల్ల ఆనించి "ఇదెవలిది?" అంటుంది. వాడు వెనక్కి చూడకుండా నోటికొచ్చిన ఇంటివాడి పేరు చెబుతాడు. ఆ పోగు ఆ ఇంటికి పోతుంది. అన్నీ పోయాక మిగిలినదే పోగులు పెట్టిన మనిషిది. ఒక పోగు చిన్నదిగా పెడితే అది తన నెత్తికే రావచ్చు, అందుకని పోగులు సమంగా ఉంటాయి. సోమక్క పెట్టిన పోగుకు వంక పెట్టినవాడు ఇంతవరకు లేడు. పెడితే వాడు ఇల్లు చేరేదాకా తిట్లు వెంటబడతాయన్నది వేరే సంగతి.

ఆ పోగుల దగ్గరే చూడాలి అన్నిటికన్నా పెద్ద విచిత్రం. వీపు పెట్టినవాడు "రాంచందర్" అన్నాడంటే సోమక్క ఆ పోగును చేత్తో ముట్టదు. చేతిలో పుల్లతోనే అటు జరుపుతుంది. తీసుకోవడానికి వచ్చినవాడి ముఖం వైపు చూడదు. ఆ రాంచందర్ ఎవరో కాదు, సొంత తమ్ముడు. రెండిళ్ళకూ మధ్య ఒక తడిక. ఆ తడిక మీదుగా మాట దాటి చాలా ఏళ్ళయింది.

ఉప్పూ నిప్పూ అయిన అక్కాతమ్ముళ్ళను లోకం చూడకపోలేదు. వీళ్ళది మాత్రం ఊరు ఖాళీ అయిన ఏడు మొదలైన పగ. ఆ ఏడు అడవిలో తుపాకుల పోరుకు ఊళ్ళన్నీ చీలిపోయాయి. కొందరు రోడ్డు పక్క సర్కారు శిబిరంలోకి పోయారు, కొందరు సరిహద్దు దాటి చర్ల వైపు మిరప చేలల్లో తలదాచుకున్నారు. రాంచందర్ ముసలి తల్లిని తీసుకొని శిబిరానికి పోయాడు. సోమక్క మొగుడితో కలిసి అవతలికి పోయింది. వానలు ముదిరాక తల్లి శిబిరంలో చనిపోయింది. వాగులు పొంగి ఉన్నాయి, దారుల్లో భయం ఉంది, కబురు మోసే మనిషి దొరకలేదు. రాంచందర్ తల్లిని మట్టి చేసేశాడు. మిరప కోతల కాలంలో సంతలో ఎవరో మాటల మధ్య "మీ అమ్మ పోయిందట కదా" అంటే సోమక్కకు తెలిసింది.

తల్లి పోయినందుకు ఆమె ఏడ్చింది. తమ్ముడు కబురు పెట్టనందుకు మాత్రం ఏడవలేదు, పళ్ళు కొరుక్కుంది. వాళ్ళలో చనిపోయిన మనిషి పక్కన కూర్చొని ఆడవాళ్ళు శోకం పాడతారు. రాగం తీసి ఏడవడమే కాదు, ఉన్న మంచీ చెడూ అంతా ఎత్తి పాడతారు. అప్పు పడ్డ మాటలన్నీ ఆ ఒక్క పాటలో తీరిపోవాలి, తర్వాత పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదు. కూతురుండి కూడా తల్లి శోకం లేకుండా మట్టిలోకి పోయింది. సోమక్క గొంతులో ఆ పాట అలాగే ఉండిపోయి పులిసిపోయింది. తిరిగి ఊరు చేరాక రాంచందర్ తడిక దగ్గరికి వచ్చి "అక్కా, అప్పుడు నిన్ను అడిగేదానికి టైం లేకుండె" అన్నాడు. "మట్టి పోసినంక అడుగవస్తివా?" అని తలుపు వేసుకుంది. ఆ రోజుతో మాట ఆఖరు.

ఆ తర్వాత ఆమె మొగుడు పోయాడు, రాంచందర్ భార్య పోయింది. అతని కూతురు పెళ్ళయి తెలంగాణలో ఎక్కడో పనుల వెంట తిరుగుతుంటుంది. రెండిళ్ళలో ఇద్దరే మిగిలారు, మధ్యన తడిక మిగిలింది. అయినా తమ్ముడి పొయ్యి పొగ లేచిందా లేదా అని సోమక్క రోజూ చూస్తుంది. చూస్తుందని ఎవరైనా అంటే పళ్ళు రాలగొడుతుంది.

ఒక వానాకాలం పొద్దున ఆ పొగ లేవలేదు. ఇంకా విప్పని మేక అరుస్తోంది. సోమక్క కాసేపు ఓపిక పట్టి, ఆ తర్వాత మేకను తిడుతున్నట్టుగా తడిక తోసుకొని పోయింది. రాంచందర్ చాప మీద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. రెప్పలు సగం వాలిపోయాయి. నోటి నుంచి చొంగ కారుతోంది. ఏదో అనబోతే నాలుక తిరగలేదు.

"పొద్దుగాలనే తాగినవా రా?" అంది సోమక్క. అన్నేళ్ళ తర్వాత తమ్ముడితో ఆమె అన్న మొదటి మాట అది.

అతను కడుపు మీద చెయ్యి పెట్టుకొని, తర్వాత చాప కింద చూపించాడు. పక్కింటి బుధ్రాం వచ్చి చాప కొస ఎత్తాడు. ఏమీ లేదు. రెప్పలు చూసి మాత్రం "కట్లపాము" అన్నాడు. అది కుడితే కాటు కనబడదు, వాపు ఉండదు. పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే పట్టుకుపోతుంది.

మోటార్ సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి బాసగూడ చేర్చారు. అక్కణ్ణుంచి అంబులెన్సు, బీజాపూర్‌లో విషం విరుగుడు సూదులు, ఊపిరి తగ్గిపోతోందని మళ్ళీ అంబులెన్సు, జగదల్‌పూర్. వెంట రక్తసంబంధం ఉన్న మనిషి ఒకరు రావాలన్నారు. కూతురి ఫోన్ కలవలేదు. మిగిలింది సోమక్క. దారి పొడవునా తమ్ముడి ముఖం వైపు చూడకుండా, అతని చెయ్యి మాత్రం వదలకుండా కూర్చుంది. గీదం ఊరు దాటేసరికి ఆ చేతిలో పట్టు పోయింది.

జగదల్‌పూర్‌లో అదొక పెద్ద ఆసుపత్రి. ఎమర్జెన్సీ గదిలోకి మంచం తోసుకుపోయారు. సోమక్కను బయట ఉండమన్నారు. ఉండమంటే ఉండే మనిషి కాదని వాళ్ళకు తెలియదు. తెర పక్కకు జరిపి నిలబడి చూసింది. చూడకపోతే ఈ కథ లేదు.

బల్ల మీద పళ్ళెంలో రెండు పనిముట్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి టార్చిలైటుకు వంకర గరిటె అతికించినట్టుంది. రెండోది కూడా అలాగే ఉంది గాని దాని నెత్తిన చిన్న ఫోనంత తెర ఉంది. మీసాలు కూడా సరిగా రాని ఒక డాక్టరు, పేరు ప్రకాష్ అని తర్వాత తెలిసింది, ఆ రెంటినీ ముట్టుకోలేదు. ముందు ఒక కవరు చింపాడు. లోపలి చీటీ చదివాడు. అప్పుడు తెరలేని గరిటె తీసుకున్నాడు.

రాంచందర్ నోరు తెరిచి దాన్ని లోపలికి పెట్టి పైకి ఎత్తాడు. వంగి చూశాడు. "నహీ దిఖ్ రహా" అన్నాడు. ఇంకా ఎత్తాడు. టక్కుమని ఒక శబ్దం. పెదవి మీద నెత్తురు. గొట్టం దూర్చారు, తీసేశారు, ముక్కూ నోరూ మూసే తొడుగు పెట్టి సంచీ పిసికి గాలి కొట్టారు. మళ్ళీ అదే గరిటెతో రెండోసారి దూర్చారు. ఈసారి గొట్టం కూర్చుంది. ఎవరో "హో గయా" అన్నారు. ప్రకాష్ ముఖం చెమటతో తడిసిపోయింది. ఒక నర్సు దూదితో రాంచందర్ నోట్లోంచి విరిగిన ముందుపన్ను తీసి ట్రేలో వేసింది.

సోమక్క ఆ పన్నును చూసింది. దాని పక్కనే, ఎవరూ ముట్టని తెర ఉన్న పనిముట్టును చూసింది. ఆమె హిందీ సంత హిందీ, అయినా "కనబడటం లేదు" అన్న మాట అర్థం కావడానికి అది చాలు.

ఐసీయూలో మంచానికి చేర్చాక ఆమెను లోపలికి రానిచ్చారు. రాంచందర్ కళ్ళ మీద తెల్ల పట్టీ అంటించి ఉంది. చేతులు మంచానికి గుడ్డతో కట్టి ఉన్నాయి. పక్కన పెట్టె బుస్సుమంటే రొమ్ము లేస్తోంది, బుస్సు ఆగితే దిగుతోంది. అరచెయ్యి గిల్లింది. కదల్లేదు. పాదం గోకింది. కదల్లేదు. పెట్టె తోలుతున్న గాలే తప్ప తమ్ముడు లోపల లేడని ఆమెకు తేలిపోయింది. కళ్ళకు పట్టీ వేసి, చేతులు కట్టి ఉంచేది ఇంకెవరిని? చచ్చినవాణ్ణి పెట్టెతో ఊదుతూ కూర్చున్నారు వీళ్ళు, అనుకుంది.

తల్లికి పాడలేకపోయింది. తమ్ముడి దగ్గర ఆ తప్పు జరగనివ్వదు. పగవాడైనా సరే, శోకం లేకుండా పంపేది లేదు. నేల మీద గొంతుక్కూర్చొని, కొంగు నెత్తిన వేసుకొని రాగం ఎత్తింది.

"ఓ నా తమ్ముడో... నా లెక్కల నువ్వు ఏనాడో పోయినవ్ రో... మళ్ళొకసారి పోయేదానికి నన్ను జగదల్‌పూర్ దాకా గుంజుకొస్తివా రో... అమ్మకు మట్టి పోసేనాడు అక్క యాదికి రాకపాయె... ఇయ్యాల నీకు పాడేదానికి అక్కే దిక్కాయె రో... అమ్మ ముఖం నాకు సూడనియ్యని చేతులు, మంచానికి కట్టేసిండ్రు సూడు రో... నీ పోగు పుల్లతోని జరిపిన, నీ ముఖం సూడలే, ఇగ ఎవలి పోగు జరపాలె రో... ఓ అమ్మా..."

ఈలోగా నర్సు పరుగెత్తుకొచ్చింది. పేరు బిందు. బచేలీ గనుల కాలనీలో పుట్టి పెరిగిన ఆంధ్రా పిల్ల.

"ఏంటమ్మా ఇది? ఎవరు పోయారని ఏడుస్తున్నారు?"

"కండ్లు కనబడ్తలేవా బిడ్డా? వీడే."

"అయ్యో, బతికే ఉన్నారమ్మా! పాము విషానికి కండరాలు పడిపోయాయి, అంతే. విషం దిగితే కదులుతారు. లేవండి, పక్కన పేషెంట్లున్నారు."

"బతికుంటే గిల్లితే ఎందుకు కదలడు?"

బిందు ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే అయింది. సోమక్క లేచి నిలబడిందే గాని నమ్మలేదు. శోకం సగంలో ఆపించినందుకు బిందు మీద కూడా కోపం వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రం డాక్టర్ ఊర్మిల వచ్చింది. గొంతులో గొట్టం వేసే పని మీద ఆ ఆసుపత్రిలో పరిశోధన నడుపుతున్నది ఆమే. మాట మెత్తన, నడక చురుకు. ఆమె హిందీలో చెబుతుంటే బిందు తెలుగులో చెప్పింది. గొట్టం వేయడానికి రెండు పద్ధతులున్నాయి, ఒకటి కంటితో చూసి వేసేది, ఒకటి కెమెరాతో తెర మీద చూసి వేసేది. ఇక్కడ, ఇలాంటి రోగులకు ఏది మేలో తెలుసుకోవాలని చూస్తున్నారు. ఎవరికి ఏది అన్నది కవరులోని చీటీ చెబుతుంది. రోగి ఊపిరి ఆగిపోతున్నప్పుడు అడిగే వీలుండదు కాబట్టి పని ముందు చేసి, ఇంటివాళ్ళను తర్వాత అడగడానికి ఆసుపత్రి కమిటీ అనుమతి ఉంది. రాంచందర్ వివరాలు పరిశోధన లెక్కలోకి తీసుకోవడానికి అక్కగా ఆమె ఒప్పుకుంటే వేలిముద్ర వేయాలి, వద్దంటే వదిలేస్తారు.

సోమక్క అంతా విన్నది. ఆమె అంతసేపు నోరు తెరవకుండా వినడం ఊళ్ళోవాళ్ళు చూస్తే జ్వరమొచ్చిందనుకునేవాళ్ళు.

"అంటే వీని మీద చీటీ ఏసిండ్రు," అంది.

"అవునమ్మా, ఒక రకంగా అంతే," అంది బిందు భయపడుతూ.

"మేమూ ఏస్తం. చచ్చిన చేపలకు ఏస్తం. బతికున్న మనిషికి ఏసుడు ఇయ్యాలే సూస్తున్న." సోమక్క డాక్టర్ వైపు తిరిగింది. "సూసే కన్ను పళ్ళెంల పక్కనే పెట్టుకొని గుడ్డిగ దూర్చిండ్రు. పన్ను ఇరిగింది. ఆ పోరడు కనబడ్తలేదు కనబడ్తలేదు అన్నడు, నా చెవులతోని విన్న. పక్కదాన్ని ఎందుకు తియ్యలే? చీటీ ఒప్పుకోదా?"

ఊర్మిల తప్పించుకోలేదు. "మూడోసారి అవసరమైతే తీసేవాళ్ళం. కెమెరా ఎప్పుడూ మేలనుకోకండి. నెత్తురొస్తే దాని అద్దం మసకబారుతుంది. తెర మీద దారి కనబడినా గొట్టం ఆ దారికి తిరగదు. బయటి ఆసుపత్రుల్లో కెమెరాదే పైచేయి అంటున్నారు. ఇక్కడి చేతులకు, ఇక్కడి రోగులకు అదే నిజమా అన్నది నాకు తెలియదు. తెలిస్తే చీటీ వేయను."

"నీ తమ్ముడైతే? ఆ కవరే చింపుదువా?"

ఊర్మిల చేతిలోని ఒప్పుకోలు కాగితాన్ని రెండు మడతలు పెట్టింది. ఆ మడవడం సోమక్క చూసింది.

"మా కాడ పోగులు పెట్టినోళ్ళు ఆఖరి పోగు తీసుకోవాలె. పెట్టేది మీరు, తినేది మేము. ఇదేం రివాజు?"

డాక్టరమ్మకూ కోపం వచ్చింది. ఎందుకు రాకూడదు, ఆమెకూ ఉప్పూకారం తినే నోరే. గొంతు పెరిగింది. "మీరు పోగులు పెడతారు కదా? నచ్చినవాళ్ళకు పెద్ద పోగు, నచ్చనివాళ్ళకు చిన్నది ఇస్తారా? ఇవ్వరు. చీటీ లేకుండా నా ఇష్టానికి వదిలారనుకోండి. ఒక్కటే కెమెరా ఉంది. కలెక్టరాఫీసు నుంచి ఫోను వచ్చినవాడికి కెమెరా. అడవి లోంచి ఫోను లేకుండా వచ్చినవాడికి మామూలుది. రోజూ అదే జరుగుతుంది. చీటీ ఉంది కాబట్టే మీ తమ్ముడికి సగం అవకాశమైనా వచ్చింది."

బిందు ఇది చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. ఇద్దరి మధ్యా నలిగిపోవడమే ఆ పిల్ల ఉద్యోగమైంది ఆ రోజు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

డాక్టరమ్మ మాటలో నిజముంది. పుల్లతో జరిపినా, ముఖం చూడకపోయినా, తమ్ముడి పోగును ఒక్క చేపంతైనా తక్కువ పెట్టలేకపోయింది ఇన్నేళ్ళూ. చీటీ అంటే అదే. కానీ తన కోపం చీటీ మీద కాదని అప్పుడే ఆమెకు తెలిసొచ్చింది.

"చీటీ సంగతి ఇడువు," అంది. "నేను గీ తెర కాడ్నే నిలబడ్డ. చెయ్యి చాపితే అందేటంత దూరం. గిట్ల చేస్తున్నం అని ఒక్క ముక్క చెప్పిండ్రా?"

"అప్పుడు టైం లేదమ్మా. ఊపిరి పోతోంది."

ఆ మాట బిందు తెలుగులో చెప్పక్కర్లేకపోయింది. టైం అన్న ముక్క చాలు. సోమక్క ముఖం నల్లబడింది. "వాడు గూడ గదే అన్నడు," అని మంచం వైపు చెయ్యి చూపింది. "టైం లేకుండె అన్నడు. మట్టి పోసినంక వచ్చి చెప్పిండు. నీకూ వానికీ ఏం ఫరక్ లేదు. చేతులు కాలినంక ఆకులు పట్టుకొని నా కాడికొస్తరు. నేను ఏలిముద్ర ఎయ్య. పో."

డాక్టరమ్మకు వాడు ఏం చేశాడో, ఆ మట్టి ఎవరిదో తెలియదు. సరేనని వెళ్ళిపోయింది. నిజానికి సోమక్క చేతిలో ఉన్నది ఆ ఒక్క వద్దు మాత్రమే. తల్లి దగ్గర అదీ లేదు. ఇప్పుడు దొరికింది కాబట్టి గట్టిగా పట్టుకుంది. తమ్ముడు బతికితే బతికినట్టు, పోతే పోయినట్టు, తనను దాటి మాత్రం ఎవరూ ఏమీ చేయకూడదు.

తర్వాత రోజుల్లో ఆమె ఐసీయూ బయట వరండాలో చాప పరిచింది. కాపలావాణ్ణి తిట్టింది, క్యాంటీన్‌లో పప్పు నీళ్ళని తిట్టింది, లోపలికి రానివ్వని గంటల్లో గోడను తిట్టింది. ప్రకాష్ ఆ దారిన రావలసి వస్తే ఇంకో మెట్ల మీదుగా తిరిగి పోయేవాడు. లోపలికి పోయినప్పుడు మాత్రం తమ్ముడి పెదవి మీది నెత్తురు చారను తడిగుడ్డతో తుడిచేది. విరిగిన పన్ను అడిగి తీసుకొని కొంగున ముడి వేసుకుంది. ఎందుకని బిందు అడిగితే "నీకెందుకు" అంది.

ఒక ఉదయం బిందు వరండాలోకి వచ్చి ఆమె భుజం పట్టి లేపింది. రాంచందర్ కాలి బొటనవేలు కదిలింది. ఆ మర్నాటికి రెప్పలు లేచాయి. ఇంకొన్నాళ్ళకు పెట్టె బుస్సు అక్కర్లేకుండా తనంతట తాను ఊపిరి తీశాడు. గొట్టం తీసేశారు. సోమక్క మంచం పక్కన నిలబడి చూసింది గాని దగ్గరకు పోలేదు. బతికినవాడితో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియదు.

అతనే మాట్లాడాడు. గొంతు రాచుకుపోయి గరగరమంది.

"అక్కా. అంతా విన్న."

"ఏంది విన్నది?"

"అంతా. కండ్లు తెరుస్తందుకు కాలే. చెయ్యి లేపుతందుకు కాలే. చెవులు పోలే." ఆగి గుటక వేశాడు. "కనబడ్తలేదు అన్నది విన్న. పన్ను ఇరిగింది ఎరుకైంది. ఎవలన్న ఒక్క మాట, ఇగో నోట్ల పెడుతున్నం, భయపడకు అంటరేమో అని సూసిన. ఎవలూ అనలే." అక్క వైపు చూపు తిప్పాడు. "నీ పాట గూడ విన్న."

సోమక్క చెంపలు వేడెక్కాయి. బతికున్నవాడి ముఖాన శోకం పాడడం కంటే పెద్ద అపచారం ఆమె ఎరిగినంతలో లేదు. డాక్టర్లు అతను లోపల లేడనుకొని పని చేశారు, ఆమె అతను లోపల లేడనుకొని పాడింది. తిట్టడానికి ఈసారి తనే దొరికింది. అయినా ఆమె సోమక్క.

"విన్నవా? మంచిగైంది," అంది. "మళ్ళా చెప్పే పని తప్పింది."

రాంచందర్ కంటి చివర నుంచి నీళ్ళు కారి చెవిలోకి పోయాయి. చెయ్యి లేపి తుడుచుకునేంత సత్తువ అతనికి ఇంకా లేదు. సోమక్క తుడవలేదు.

సాయంత్రం ఊర్మిల వచ్చింది, బిందును వెంటబెట్టుకొని. గొట్టం వేసేటప్పుడు అతను అంతా విన్నాడని అప్పటికే బిందు చెప్పింది. ఆ మాటతో డాక్టరమ్మ ముఖం కందిపోయి ఉంది. మంచం దగ్గరికి వచ్చి ముందు క్షమించమంది. స్పృహలేదనుకున్నామని, మత్తు సరిగా ఇవ్వలేదని, అది తప్పేనని ఒప్పుకుంది. సోమక్క మూతి తిప్పుకుంది.

తర్వాత ఆమె మళ్ళీ అదే అడిగింది, ఈసారి రాంచందర్‌ను. రోగికి తెలివి వచ్చాక అతన్నే అడగాలి, అది నియమం. అక్క వద్దన్న మాట ఇక చెల్లదు. అతను సరే అంటే సరే, వద్దంటే వద్దు.

అక్క వద్దన్న మాట ఇక చెల్లదు. సోమక్కకు ఆ ముక్క గుండెలో గుచ్చుకుంది. చేతికి దొరికిన ఒక్కటీ మళ్ళీ ఆ తమ్ముడి చేతికే పోయింది. అప్పుడూ వాడే, ఇప్పుడూ వాడే. ఆమె వరండాలో చాప చుట్టేద్దామని బయటికి పోబోయింది.

"అక్కను అడుగుండ్రి," అన్నాడు రాంచందర్.

బిందుకు సరిగా వినబడలేదు. వంగింది.

"ఈసారి ముందుగాల అక్కను అడుగుండ్రి."

బిందు ఆ మాటను ఉన్నదున్నట్టు హిందీలో చెప్పింది. ఊర్మిల తల అడ్డంగా ఊపింది. "అక్క చెబితే సరిపోదు, చెప్పాల్సింది మీరే." రాంచందర్ వినలేదు. చెప్పవలసింది చెప్పేశానన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. ఈసారి అంటే ఏసారి, పోయినసారి ఏమైంది అని డాక్టరమ్మ బిందును అడిగింది. బిందుకు తెలియదు. ఆ గదిలో అది తెలిసినవాళ్ళు ఇద్దరే.

సోమక్క తలుపు దగ్గర నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ ఈ ఒక్క మాట కోసమే తడిక వేసుకుంది. ఇప్పుడది వచ్చింది, గరగరమనే గొంతుతో, ముందుపన్ను లేని నోటితో. దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. చేపల పోగైతే పుల్లతో జరిపేది.

వెనక్కి వచ్చింది. కొంగు ముడి విప్పి, పన్ను తీసి డాక్టరమ్మ ముందు మంచం అంచున పెట్టింది.

"రాసుకో," అంది. "ముందుగాల పన్ను ఇరిగిందని రాయి. చెవులు వింటున్నయని రాయి, ఎవలూ పలకరియ్యలేదని రాయి. బతికిండన్నది ఆఖర్ల రాయి."

ఊర్మిల సరేనంది. సోమక్క ఆ సరేను పట్టించుకోలేదు. మంచం మీదికి వంగి, తమ్ముడి భుజం పట్టి కుదిపింది.

"కండ్లు తెరువు రా. మూసుకున్నవంటే నాకు భయమైతది. మళ్ళా పాడ్త."

రాంచందర్ కళ్ళు తెరిచి, వేలిముద్ర వేయడానికి డాక్టరమ్మ వైపు చేతి బొటనవేలు చాచాడు.